ఉబ్బకు పోని బట్టలు

మా అత్త మొగులమ్మ చేతులు ఒక్కసారి చూసిన వాళ్ళెవరూ ఆవిడతో వాదనకు దిగేవారు కాదు. వేళ్ళ సందుల్లో తోలు తెల్లగా నాని ఊడొచ్చేది. అరచేతుల నిండా పగుళ్ళు. ఆ పగుళ్ళలోకి సోడా దిగినప్పుడు పళ్ళు బిగబట్టేది గాని చెయ్యి మాత్రం వెనక్కి తీసుకునేది కాదు. తాండూరులో పాండురంగం గారి వీధి వీధంతా ఆ చేతుల మీదుగానే తెల్లబడేది. అలాంటి మనిషికి, కాపురానికొచ్చి ఏడాది నిండని కోడలు పని నేర్పబోతే ఏమవుతుందో యాభై తొమ్మిది ఎండాకాలంలో నాకు బాగా తెలిసొచ్చింది.

ఆ యేడు వానలు ముఖం చాటేశాయి. కాగ్నా నది ఫాల్గుణంలోనే ఇసుక తేలింది. రేవు దగ్గర ఒకే ఒక్క మడుగు మిగిలింది. మా పద్ధతిలో బట్టలకు సోడా పట్టించి, పెద్ద బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఆవిరికి ఉడికిస్తాం. దాన్ని ఉబ్బ అంటారు. పూర్వం సోడా బదులు చౌడుమట్టి వాడేవారట. బజారులోకి డబ్బా సోడా వచ్చాక మట్టి కోసం తిరిగే ఓపిక ఎవరికుంది? చిటికెలో మురికిని కోసేస్తుంది. చేతుల్ని కూడా కోస్తుంది, ఆ సంగతి డబ్బా మీద రాసి ఉండదు. ఆ సోడా బట్టను వదలాలంటే మూడు నీళ్ళు మార్చి జాడించాలి. ఆ ఎండల్లో మాకు ఒక్క నీటికే గతి లేదు.

పాండురంగం గారిది కందుల వ్యాపారం. ఊరవతల భూములు కూడా ఉండేవి. ఆ ఇంటి పెత్తనమంతా ఆయన భార్య సత్యమ్మది. కూతురు అరుణాదేవి తొలికాన్పుకు హైదరాబాదు నుంచి పుట్టింటికొచ్చి ఆడపిల్లను కన్నది. పురుటి బట్టలు ఉతికే పని మాదే కాబట్టి రోజూ మూట తెచ్చి ఇవ్వడం, మాసినవి తీసుకుపోవడం మా ఇద్దరి వంతు.

పాప పుట్టిన ఎనిమిదో రోజున సత్యమ్మ మమ్మల్ని వసారాలోనే ఆపేసింది.

"మొగులమ్మా, గీ బట్ట జర చేతుల వట్టుకొని సూడు. అట్ట లెక్క బిర్రుగున్నది. పిల్ల తొడలు రెండు ఎర్రగైనయి."

"నీళ్ళు లెవ్వమ్మా. రేపటి సంది ఇంకొక్కపారి జాడిస్త," అంది అత్త.

"ఏడ జాడిస్తవు? నీళ్ళు లేవని నువ్వే అంటివి."

అత్త ఆ బట్ట అంచును వేళ్ళతో నలిపి చూసింది. నేను నోరు మూసుకుని నిలబడితే సరిపోయేది. ఆ సుగుణం నాకు పుట్టుకతోనే లేదు.

"పసిబట్టలకు సోడా వద్దమ్మా. కుంకుళ్ళతోటి ఉతుకుత. ఒక్క జాడింపుకే పోతది," అనేశాను.

మాది వికారాబాదు. మా అమ్మ పట్టుచీరలు, ఉన్ని శాలువాలు కుంకుడు రసంతోనే ఉతికేది. అనంతగిరి అడవిలో కాయలు ఏరుకొచ్చి ఏడాదికి సరిపడా ఎండబెట్టుకునేవాళ్ళం. కాపురానికి వచ్చేటప్పుడు చిన్న సంచెడు నా వెంట తెచ్చుకున్నాను, తలకు పోసుకోవడానికి. సత్యమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఉతుకు మరి, చూస్త," అంది.

వీధి మలుపు దాకా అత్త నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. తిరిగాక ఆగింది.

"నలభై ఏండ్ల సంది ఆ ఇంటి బట్టలు ఉతుకుతున్న. ఆ సత్యమ్మ పెండ్లినాడు అడుగుల కింద బట్ట పరిచింది నేనే. ఇన్నేండ్లల్ల నేనుండంగ ఆ వసారాల మా ఇంటోళ్ళు ఎవ్వలు నోరు తెరవలే. నువ్వు తెరిచినవు. తలకు పోసుకునేటివి బట్టలకు పోస్తనంటివి. సరే, పొయ్యి. ఆ పసిదానికి ఏమన్నయిందా, వికారాబాద్ బండెక్కుడే. మళ్ళ నా గడపల కాలు వెట్టద్దు."

ఊరికే అనే మనిషి కాదావిడ. సొంత చెల్లెలితో పదకొండేళ్ళుగా మాటల్లేవు, అదీ ఒక దుప్పటి తప్పిపోయినందుకు. అన్నమాట మింగడం ఆవిడకు చేతకాదు.

నా మొగుడు కిష్టప్ప బండల గనిలో పనిచేసేవాడు. ఒళ్ళంతా రాతిపొడితో ఇంటికొచ్చి, జరిగిందంతా విని, అన్నం ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు.

"మా అవ్వ అన్నదంటె అన్నదే. ఆ పిల్లకేం గాదులే, ఫికర్ జెయ్యకు," అన్నాడు చివరికి.

"అయితే?"

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అతన్ని విడిచి పోవాలని నాకు లేదు, అది కూడా చెప్పాలి. గని నుంచి వచ్చి ముఖం కడుక్కుంటే రాతిపొడి కింద నుంచి బయటపడే ఆ నవ్వు ముఖమంటే నాకు ఇష్టం. పైగా మా అమ్మకు నా తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పెళ్ళికి ఉన్నారు. అత్త వెళ్ళగొట్టిన కూతురు ఇంట్లో ఉంటే వాళ్ళ సంగతేమిటి?

మర్నాటి నుంచి పాప బట్టలు నా చేతికొచ్చాయి. కాయలు కొట్టి గింజలు తీసేసి, పెంకులు ముందురోజే నానబెట్టి, పొద్దున్నే పిసికి గుడ్డలో వడగట్టేదాన్ని. బట్టలు ఆ రసంలో కాసేపు నానితే చాలు, బండకేసి బాదే పని లేదు. సోడా ఇచ్చే తెల్లదనం రాదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఒక్క జాడింపుతో నీళ్ళు తేరుకునేవి, ఎండలో ఆరితే వెన్నలా మెత్తబడేవి. ఐదో రోజుకు పాప తొడల మీది ఎరుపు పోయింది.

"ఇప్పుడు నిద్రపోతున్నది. బట్టకు సోడా వాసన కూడ లేదు," అని అరుణాదేవి నాతో అంది. అత్త పక్కనే ఉంది, వినబడనట్టు మూట సర్దుకుంది. ఆ సాయంత్రం రేవులో నేను వంగి బట్టలు పిండుతుంటే, పారబోయకుండా మిగిలిన కుంకుడు నీళ్ళలో అత్త తన రెండు చేతులూ ముంచి కూర్చోవడం కంటపడింది. నేను తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆవిడ మరి ఆ నీళ్ళ దరిదాపులకు కూడా వచ్చేది కాదు.

ఇరవయ్యొకటో రోజున పాపను ఉయ్యాలలో వేశారు. చుట్టాలు తెచ్చిన కొత్త బట్టలు పన్నెండు మా మూటలోకి వచ్చాయి. మెత్తని తెల్ల మల్లు గుడ్డలు.

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. గుర్తు లేని బట్ట రేవులో దిగదు. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో బట్ట మూల మీద ఇంటికొక గుర్తు పెడతాం. అది బట్ట చిరిగినా పోదు. పాండురంగం గారింటికి ఒక గీత, దాని కింద మూడు చుక్కలు. అక్షరం ముక్క రాని మా అత్త అలాంటి గుర్తులు అరవై దాకా చెప్పగలదు.

"కొత్తవాటికి గుర్తు వెట్టినవా?" అని అడిగింది అత్త ఇంటికి రాగానే.

"పసిబట్టలే గదా అత్తమ్మా, నేనొక్కదాన్నే ఉతుకుతున్న. కలువయి."

"కలువయని దుప్పటి పోగొట్టుకున్న. వెట్టు."

కూర్చుని పన్నెండింటికీ పెట్టాను. నాకు గుర్తులు పెట్టడం బాగా వచ్చు. ఆవిడ చూసి మెచ్చుకోవాలని మరింత పొందికగా, మరింత నల్లగా పెట్టాను. తర్వాత రోజూ ఉతికినట్టే కుంకుడు రసంలో ఉతికి ఆరేశాను. మర్నాడు నా చూపుడువేలి మీద చిన్న పొక్కు లేచింది. చాకిరి చేసే చేతికి పొక్కులు కొత్తా అని పట్టించుకోలేదు.

నాలుగో రోజు పొద్దున మేము రేవులో ఉండగా మంత్రసాని నాగవ్వ వచ్చింది. పాపకు రోజూ నూనె రాసి నీళ్ళుపోసేది ఆవిడే. ఎండలో ఆయాసపడుతూ నది ఇసుకలో నడిచి రావడం చూసి నేను పిండుతున్న బట్ట వదిలి లేచాను.

"పిల్లకు పొక్కులు లేచినయి మొగులమ్మా, కాలినట్టు. నిన్నటి సంది ఒక్కతీర్గ ఏడుస్తున్నది, పాలు తాగుతలేదు. ఒళ్ళు గూడ కాలుతున్నది. డాక్టరొచ్చి సూసి బట్టలల్లదేదో పడలేదన్నడు. సత్యమ్మ మిమ్ముల ఇద్దర్ని రమ్మంటున్నది."

అత్త చేతిలోని బట్ట బండ మీద పెట్టేసింది. నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇంటికి పోయి నీ బట్టలు మూట గట్టుకో. పన్నెండు గంటలకు బండి ఉన్నది. ముందుగాల ఆ ఇంటికి పోయి తప్పయిందని చెప్పు. ఆడికెల్లి సీదా టేసనుకు పోదువు."

ఇంటికొచ్చి రెండు చీరలు, రెండు రవికెలు, దువ్వెన మూటగట్టాను. కిష్టప్ప గనికి పోయాడు, చెప్పడానికి కూడా లేదు. అతని చొక్కా ఒకటి దండెం మీద ఉంటే తీసి మడిచి పెట్టాను, మళ్ళీ ఎవరు మడుస్తారో అనిపించి ఏడుపొచ్చింది. అత్త గడప బయట నిలబడి ఉంది. ఎండ నెత్తి మీదకొస్తోంది.

దారంతా నేను కుంకుళ్ళ గురించే ఆలోచించాను. గింజ గాని పడిందా? రసం పుల్లబడిందా? జాడింపు చాలలేదా? పది రోజులకు పైగా పడిన రసం ఇప్పుడెందుకు పడలేదు? ఎంత వెతికినా నాకు తప్పు దొరకలేదు. పాపకు ఏమన్నా అయితే, తప్పు దొరికినా దొరకకపోయినా బతుకంతా ఆ ముఖమే నా కళ్ళ ముందుంటుందని భయపడ్డాను.

సత్యమ్మ వసారా మెట్ల మీదే నిలబడి ఉంది. లోపల పాప ఏడుపు వినబడుతోంది. గొంతు ఎండిపోయి, అరుపు కూడా సన్నబడిపోయిన ఏడుపు.

"పెద్ద పనిమంతురాలి లెక్క చెప్పినవు గదనే, సోడా వద్దు, కుంకుళ్ళని," అంది నాతో. "నీ మాట విన్న, నాదే బుద్ధి తక్కువ. సూడు పో, నా మనుమరాలిని ఎట్ల జేసినవో."

తప్పయింది అనాలి. ఏ తప్పో తెలియకుండా ఆ మాట అనబుద్ధి కాలేదు. అత్త మోచేత్తో నన్ను పొడిచింది. అప్పటికీ అనలేదు. అప్పుడు అత్తే ముందుకు జరిగింది.

"ఒక్కసారి పిల్లను సూడనియ్యి అమ్మా."

అరుణాదేవి పాపను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆ పిల్లతల్లి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బట్ట పక్కకు తీసి చూపించింది. ఎడమ నడుము కింద, రూపాయి బిళ్ళకు రెండింతల మేర తోలు నల్లబడి, చుట్టూ నీటి పొక్కులు. కుడివైపున ఇంకో మచ్చ, కాస్త చిన్నది. మిగిలిన ఒళ్ళంతా ఏ మచ్చా లేకుండా నున్నగా ఉంది.

అత్త పాపను ఎక్కువసేపు చూడలేదు. దండెం మీది కొత్త బట్ట ఒకటి తీసి, పసిపిల్లకు కట్టేటట్టు మూడు మూలలుగా మడిచింది. మడిచి, పాప నడుముకు తగలకుండా పైన పట్టింది. బట్ట మూల సరిగ్గా ఎడమ నడుము కింద పడింది. ఆ మూల మీద ఒక గీత, మూడు చుక్కలు, నల్లగా మెరుస్తూ.

నాకూ అప్పుడే అర్థమైంది. చూపుడువేలి మీది పొక్కు సలిపింది. రోజూ ఆ పన్నెండింటిలో ఏదో ఒకటి, అదే మూల, అదే చోట, మడత తిరగేసినప్పుడు కుడివైపున. స్తంభాన్ని పట్టుకున్నాను. కుంకుళ్ళ మీద నింద పోయింది గాని, నా మీద నింద నిజమైంది.

"కుంకుళ్ళది కాదమ్మా తప్పు," అంది అత్త. గొంతు మామూలుగానే ఉంది. "ఇది జీడి. గుర్తు వెట్టిన బట్ట ఉబ్బల ఉడకాలె. ఉడికితెనే జీడి సస్తది. ఇవి ఉబ్బకు పోలే, సల్లనీళ్ళల్లనే ఉతికినం. రసం ఇంక పానంతోనే ఉన్నది."

సత్యమ్మ ఆ బట్ట లాక్కుని చూసింది.

"గుర్తు ఎవరు వెట్టిన్రు?"

నేను నోరు తెరిచాను. అత్త చెయ్యి నా మణికట్టు మీద పడింది. ఆ పగుళ్ళ గరుకు చర్మానికి ఆనింది, వేళ్ళు బిగుసుకున్నాయి.

"నేనే వెట్టిన," అంది. "ముసలిదాన్నైన. ఉబ్బ లేదన్నది యాదికి రాలే."

"నలభై ఏండ్ల సంది వెడుతున్నవు. నీకు యాదికి రాలేదా మొగులమ్మా?"

"రాలేదమ్మా."

సత్యమ్మ ఆవిడ ముఖంలోకి తేరిపార చూసింది. ఏం కనిపెట్టిందో నాకిప్పటికీ తెలియదు.

"అయితే ఇగ నువ్వు మా ఇంటి బట్టలు ముట్టకు. నీ కోడల్నే ఉతకనీ," అంది.

అత్త తల వంచింది. ఆవిడ తల వంచడం నేను చూడటం అదే మొదలు. వంచిన తల ఎత్తకుండానే, "నువ్వులు నూరి వెన్నల గలిపి పెట్టుండ్రి. జీడి పొక్కుకు మాకదే మందు. రెండు మూడు దినాలల్ల మానుతది. ఆ పన్నెండు బట్టలు మాకియ్యుండ్రి," అంది.

వీధిలోకి వచ్చాం. నా మూట ఇంకా నా చంకలోనే ఉంది. కూడలి దగ్గర ఒక దారి స్టేషనుకు పోతుంది, ఒకటి మా ఇంటికి. పన్నెండు గంటల బండి కూత దూరంగా వినిపించింది. నేను ఆగిపోయాను. అత్త ఆగలేదు, వెనక్కి చూడలేదు, పన్నెండు బట్టలూ నెత్తిన పెట్టుకుని ఇంటి దారిన నడుస్తోంది. నేను పరుగెత్తి కలుసుకున్నాను.

"అత్తమ్మా, గుర్తు వెట్టింది నేను గదా."

"వెట్టుమన్నది ఎవరు?"

అంతే. ఆ సంగతి మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. కిష్టప్పకు కూడా చెప్పలేదు. చాలాకాలం అతను తన తల్లికి మతిమరుపు మొదలైందనే అనుకున్నాడు.

ఇంట్లో అత్త ఆ పన్నెండు బట్టల మూలలూ కత్తిరించి పొయ్యిలో పడేసింది. ఎర్రదారం తీసి, సూదికి ఎక్కించమని నాకిచ్చింది. ఎక్కించి ఇస్తే ఒక బట్ట మీద చుక్క కుట్టబోయింది. ఆ పగిలిన వేళ్ళ మధ్య సూది నిలవలేదు. రెండుసార్లు జారింది. మూడోసారి నా ఒళ్ళో పెట్టేసింది.

"నా చేతులకు ఆగుతలేదు. నువ్వు కుట్టు. ఇగ పసిబట్టలకు దారం గుర్తే."

నేను కుట్టాను, ఒక గీత, మూడు చుక్కలు. ఆవిడ గోడకానుకుని చూస్తూ కూర్చుంది. నలభై ఏళ్ళ ఇంటిని ఆ పూటే నా ఒళ్ళో పెట్టి, అదేదో సూది ఇచ్చినట్టు ఊరుకుంది. నాకు ఏడుపొచ్చింది, దారం కనబడక సూది వేలికి గుచ్చుకుంది.

నాగవ్వ రోజూ కబురు తెచ్చేది. ఆ సాయంత్రమే జ్వరం జారింది. మర్నాడు పాప పాలు తాగింది. నాలుగో రోజుకు పొక్కులు ఎండి పక్కు కట్టాయి. ఆ కబురు విన్నాక గాని అత్త కడుపునిండా తినలేదు. తిన్నాక చేయి కడుక్కుంటూ అడిగింది.

"కుంకుళ్ళు ఎన్నున్నయి?"

"రెండు పూటలకు వస్తయేమో."

"సోడా చేతులకు ఇగ వశమైతలేదు. చీరెలకు గూడ కుంకుళ్ళే పోద్దాం. తెల్ల ధోతులకే ఉబ్బ వెడుదం. రేపు పొద్దటి బండికి వికారాబాద్ పో."

నా మూట ఇంకా దండెం కింద అలాగే ఉంది. విప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిడ దాన్ని దగ్గరికి లాగి, ముడి విప్పి, చీరలు తీసి పక్కన పెట్టి, ఖాళీ గుడ్డ నాకిచ్చింది.

"దీంట్ల నిండ కాయలు కట్టుకరా. మాపటి బండికే రా. మీ అవ్వ ఉండుమంటది, ఉండకు."

మర్నాడు సాయంత్రం బండి తాండూరులో ఆగేసరికి అత్త ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో, ముఖమంతా చెమట. నేను వద్దంటున్నా వినకుండా కాయల మూట నెత్తికెత్తుకుని ముందు నడిచింది. మూటను అందుకుంటున్నప్పుడు ఆ చేతులు నా ముఖానికి దగ్గరగా వచ్చాయి. వాటికి ఆ రోజు సోడా వాసన లేదు.